అడవిలో మనిషి తప్పిపోతే ముందు చేయాల్సింది అరవడం ఆపడం

డ్రోన్లు, శాటిలైట్లు వచ్చిన ఈ రోజుల్లో కూడా అడవిలో తప్పిపోయిన మనిషిని వెతకడానికి రోజులు ఎందుకు పడుతున్నాయి, అసలు బృందాలు ఎట్లా వెతుకుతాయి అని అడిగారు. మాది నల్లమల అంచున, ఆత్మకూరు దగ్గర పల్లె. నా లెక్కలో వెతుకులాట మొదటి గంటలోనే చెడిపోతుంది. చెడగొట్టేది వెతకడానికి వచ్చిన గుంపే. దీని మీద నాతో ఎవరు వాదించినా నేను తగ్గను.

ఉగాది ముందు కర్ణాటక నుంచి వేలమంది మల్లన్న భక్తులు మా మీదుగానే శ్రీశైలం నడిచిపోతారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. దారి పొడవునా అన్నదానం శిబిరాలు ఉంటాయి. మా ఊరివాళ్లం కూడా ఒకటి పెడతాం. ఒక ఏడాది సాయంత్రం పూట రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒక గుంపు మా దగ్గర ఆగి తలలు లెక్కపెట్టుకుంటే ఒక ముసలాయన లేడు. డెబ్బై దాటిన మనిషి, మతిమరుపు మొదలైంది, వినికిడి కూడా తక్కువ. అంతే, కుర్రాళ్లంతా టార్చిలైట్లు పట్టుకుని తలో దిక్కుకూ పరిగెత్తారు. ఒకడు కేక వేస్తే ఇంకొకడు అదే ముసలాయన గొంతు అనుకుని అటు ఉరికేవాడు. దానికి తోడు శిబిరాల్లో మైకులు. భక్తి పాటలు పెట్టడం తప్పని నేను అనను. కానీ అడవి మధ్యలో రాత్రంతా జనరేటరు, మైకు మోగుతుంటే, దారి తప్పిన మనిషి సాయం కోసం కేక వేసినా ఎవరికి వినపడుతుంది? ఈ మాట ఏటా చెప్తున్నాను, ఏటా మైకులు పెరుగుతూనే ఉన్నాయి.

అప్పుడు వచ్చాడు అటవీ శాఖలో వాచరుగా చేసే చెంచు పెద్దాయన. వచ్చీ రాగానే అడవిలోకి పోలేదు. ముసలాయన కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అడగడం మొదలుపెట్టాడు. "ఆయప్ప కాళ్లకు ఏముండె? కర్ర ఏ చేత పడతాడు? నీళ్లు ఎప్పుడు తాగె? ఆఖరుకు యాడ చూస్తిరి?" కొడుకు కన్నడంలో చెప్తుంటే నేను తెలుగులో చెప్తూ పోయాను. ఎండకు కాళ్లు బొబ్బలెక్కి చెప్పులు తీసేసి పాతగుడ్డలు చుట్టుకున్నాడని, ఎడమచేతి కర్రకు ఇనుప పొన్ను ఉందని అట్లా తెలిసింది. పోలీసు కాగితంలో అయితే పేరు, వయసు, చొక్కా రంగు రాసుకుంటారు. కాళ్లకు ఏముందో ఎవరూ రాసుకోరు. అడవిలో నేల మీద కనపడేది చొక్కా కాదు కదా.

ఆ తర్వాత అందర్నీ వెనక్కి పిలిపించాడు. మైకులు ఆపించాడు. దారి వాగును దాటే చోట్లలో ఇద్దరిద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి, అక్కడి ఇసుకను రొట్టతో చదును చేయించాడు. ముసలాయన రాత్రి ఆ చోట్ల దాటితే మనుషులకైనా కనపడాలి, ఇసుకలోనైనా గుర్తు పడాలి. పులుల్ని అడుగుజాడలతో లెక్కపెట్టిన రోజుల్లో ఇసుక చదును చేసి జాడ పట్టడం ఈ వాచర్లకు రోజువారీ పని. ఇప్పుడు ఆ లెక్కకు కెమెరాలు వచ్చాయి. ఆ రాత్రి అంతకు మించి వెతకనివ్వలేదు. ఎలుగుబంట్లు తిరిగే చోటు, వెతకబోయినవాడే తప్పిపోతే ఇంకో వెతుకులాట మొదలవుతుంది. కొడుకు ఏడుస్తున్నా ఒప్పుకోలేదు. అది కఠినంగా కనపడుతుంది గానీ, తెలిసిన బృందం ఎక్కడైనా చేసేది అదే. మనిషి పోగల హద్దును ముందు మూసి, ఆ తర్వాతే లోపల వెతుకుతారు.

తెల్లారి ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు బయలుదేరాడు. ఆ వేళ జాడలో నీడ ఉంటుంది, మధ్యాహ్నానికి అదే జాడ నేలలో కలిసిపోతుంది. గుంపు తొక్కిన దారిని ముట్టుకోలేదు. దానికి దూరంగా చుట్టు తిరిగి వాగు ఇసుకలో అడ్డంగా చూసుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి చూపించాడు. వేళ్లు, మడమ తెలియని మొద్దు అడుగు, దాని ఎడమ పక్క పొన్ను దిగిన చిన్న గుంట. అక్కడి నుంచి జాడ ఎటు తిరిగితే అటు పోయాం. ఒడ్డు మీద రాతినేలలో జాడ పోయింది. అప్పుడు ఆయన నేలను వదిలేసి, దాహమైన మనిషి ఎటు పోతాడో చూశాడు. కిందుగా ఒక చెలమ ఉందట, ఆ దిక్కుకు నడిచాడు. చెలమకు ఇవతల పొదలో ఇరుక్కుని ముసలాయన కూర్చుని ఉన్నాడు. పెదాలు పగిలి ఉన్నాయి గానీ స్పృహలోనే ఉన్నాడు.

రాత్రి కుర్రాళ్లు ఆ పొదకు దగ్గర్లోనే కేకలు వేసుకుంటూ పోయారు. ఆయన పలకలేదు. మతిమరుపు ఉన్నవాళ్లు చాలామంది పలకరు, పొదలోనో గుంటలోనో ఇరుక్కునేదాకా ముందుకే పోతారు. చిన్నపిల్లలైతే కేకలకు భయపడి దాక్కుంటారు కూడా. పైగా గుంపంతా ఆయన్ని ఆధార్ కార్డు మీది పేరుతో పిలిచింది. ఇంట్లో ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలవరట. కొడుకు దగ్గరికి పోయి "అప్పా" అన్నాక తలెత్తాడు.

యంత్రాల సంగతికి వస్తాను. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ ఈ నల్లమల మీదే కనపడకుండా పోయింది. వైమానిక దళం రాత్రిపూట సుఖోయ్‌ని రాడార్‌తో తిప్పింది, ఇస్రో సాయం తీసుకున్నారు, నేల మీద గ్రేహౌండ్స్, సీఆర్‌పీఎఫ్ బలగాలు దిగాయి. వానా మబ్బూ అడవీ కలిసి అంత పెద్ద హెలికాప్టర్‌ను రాత్రంతా దాచేశాయి. మర్నాడు పొద్దున పావురాలగుట్ట దగ్గర శకలాలు వైమానిక దళం హెలికాప్టర్‌కే కనపడ్డాయి, నేను కాదనను. కానీ హెలికాప్టరే కనపడని చోట పొదలో ముడుచుకున్న ఒక్క మనిషి పైనుంచి కనపడతాడా? ఆకురాలే ఫాల్గుణంలో డ్రోను కొంత పనికొస్తుంది. శ్రావణంలో ఎగరేస్తే ఆకులే కనపడతాయి. వేడిని పట్టే కెమెరాకైనా మనిషిని పోల్చుకోవడం కష్టమే, మా ఎండల్లో బండలు చీకటి పడ్డాక కూడా చాలాసేపు వేడిగానే ఉంటాయి.

2023లో కొలంబియాలో జరిగింది చూడండి. మే 1న అమెజాన్ అడవిలో చిన్న విమానం కూలింది, పెద్దవాళ్లు చనిపోయారు, నలుగురు పిల్లలు మిగిలారు. పెద్దపిల్లకు 13 ఏళ్లు. సైన్యం హెలికాప్టర్ల నుంచి తిండి పొట్లాలు జారవిడిచింది, ఉన్నచోటే ఉండమని వాళ్ల అమ్మమ్మ గొంతును వాళ్ల భాషలోనే మైకుల్లో వినిపించింది. చివరికి 40 రోజులకు, జూన్ 9న పిల్లలు దొరికారు. దొరికింది సైనికులతో కలిసి నడిచిన ఆదివాసీ బృందానికి. అంతకు ముందు వెతికేవాళ్లు వాళ్లకు బాగా దగ్గర నుంచే పోయారని తర్వాత తేలింది.

మా దగ్గర ముసలాయన దొరికాక ఫోటోల్లో నిలబడ్డవాళ్లు వేరు. చెంచు పెద్దాయన పేరు ఏ పేపర్లోనూ రాలేదు. జీతం కూడా నెలలు దాటి వస్తుంది ఆయనకు. ఇలాంటివాళ్లను ఆఖరున, కుక్కలూ డ్రోన్లూ అయిపోయాక పిలవడం మానుకుంటే చాలా ప్రాణాలు దక్కుతాయి. ఇది నేను గట్టిగా నమ్ముతున్నాను.

పెద్దవాళ్లతో అడవిదారిన నడిచిపోయేవాళ్లు మీలో ఉంటే బయలుదేరేముందే ఒక పని చేయండి. వాళ్ల చెప్పుల అడుగుభాగాన్ని ఫోటో తీసి పెట్టుకోండి. మెడలో ఒక ఈల వేయండి, కేక వేసే ఓపిక పోయినా ఈల ఊదగలరు. మనిషి కనపడలేదని తెలియగానే చివరిగా చూసిన చోట ఒకరు నిలబడి, ఆ చుట్టుపక్కల ఎవర్నీ తొక్కనివ్వకండి. ఇంకొకరు దగ్గర్లోని గూడేనికో, అటవీ బేస్ క్యాంపుకో పోండి.