పాత జోడు గొట్టాల రైఫిల్‌లో ఇత్తడి గుండ్లు వాడవచ్చా?

ప్రశ్న: మా తాతగారి నాటి .470 నైట్రో ఎక్స్‌ప్రెస్ (పెద్ద జంతువుల వేటకు వాడిన తూటా రకం) జోడు గొట్టాల రైఫిల్ ఇప్పుడు నా లైసెన్సు మీదికి వచ్చింది. రేంజిలో నాలుగు తూటాలు కాల్చి చూడాలని ఉంది. డీలర్ దగ్గర ఒక పెట్టె దొరికింది. గుండు మొత్తం ఇత్తడే, లోపల సీసం లేదు. గొట్టాలు చెడిపోతాయని ఒకరు, ఏమీ కాదని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: గుండు కొలతా గొట్టం కొలతా తెలియకుండా ఇద్దరిలో ఎవరి మాటా నమ్మకండి. మీ తాతగారి కాలంలో ఏనుగుకు, అడవిదున్నకు వాడిన గట్టి గుండ్లకు పైన ఉక్కు తొడుగు, లోపల సీసం ఉండేవి. గొట్టం లోపల మెలిక తిరిగిన గాడులు, వాటి మధ్య ఎత్తుగా గట్లు ఉంటాయి. ఆ గట్లు తొడుగును నొక్కితే లోపలి సీసం సర్దుకునేది. నిండు ఇత్తడికి ఆ వెసులుబాటు లేదు. గుండు ఏమాత్రం లావున్నా ఆ ఒత్తిడంతా గొట్టం గోడ మీద పడుతుంది. పాత రైఫిళ్ళలో బరువు తగ్గించడానికి గొట్టాన్ని మూతి వైపు పలచగా చేసేవారు, ఉక్కు కూడా ఇప్పటంత గట్టిది కాదు. గోడ సాగిందంటే లోపలి గాడుల మెలిక గొట్టం పైన సన్నని వంకర గీతలుగా తేలుతుంది. అలా తేలిన గొట్టాన్ని మళ్ళీ పూర్వంలా చేయలేం. రెండు గొట్టాలను కలిపే పట్టీలు తగరం, సీసం కలిపిన మెత్తటి టంకంతో అతికినవి. గోడ కదిలితే ఆ అతుకూ వీడవచ్చు.

కాబట్టి ముందు గొట్టం కొలవండి. గొట్టాలను రైఫిల్ నుంచి విడదీసి, లోపల పేరుకున్న రాగి మరక పోయేదాకా శుభ్రం చేయండి. బోర్ (గొట్టం లోపలి రంధ్రం) కంటే కొంచెం లావుగా మెత్తటి స్వచ్ఛమైన సీసం ముద్ద చేసి, నూనె రాసి, మూతి దగ్గర చెక్క సుత్తితో దించి, చెక్క కడ్డీతో మెల్లగా అవతలికి తోయండి. ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో చేతికే తెలుస్తుంది. రెండు గొట్టాలూ విడివిడిగా చూడాలి, రెండూ ఒకే కొలత ఉంటాయన్న హామీ లేదు. సీసం మీద ఉబ్బుగా పడిన చోట్ల కొలిస్తే గాడి వ్యాసం వస్తుంది. .470కి అది మామూలుగా 0.474 నుంచి 0.475 అంగుళం, అంటే 12.04 నుంచి 12.07 మిల్లీమీటర్ల దాకా. ఇక్కడ మైక్రోమీటరే వాడాలి. 0.02 మిల్లీమీటర్ల వెర్నియర్ చాలదు, ఎందుకంటే మనం వెతికే తేడాయే 0.025. గాడులు ఏడుంటే ఒక గాడికి ఎదురుగా గట్టు వస్తుంది కాబట్టి మామూలు మైక్రోమీటర్ కొలత తప్పుతుంది. సీసానికి పలచని ఇత్తడి రేకు ఒక చుట్టు చుట్టి కొలిచి, రేకు మందానికి రెట్టింపు తీసేయండి.

గుండు వ్యాసం గాడి వ్యాసాన్ని మించితే ఆ పెట్టె డీలర్‌కే వదిలేయండి. సమానంగా ఉన్నా, పొడవునా నున్నగా ఉండే ఇత్తడి గుండు పాత గొట్టానికి వద్దనే నా సలహా. ఒళ్ళు గట్ల వ్యాసానికి దగ్గరగా ఉండి, సన్నని వలయాలు మాత్రమే గాడుల్ని పట్టుకునే గుండ్లు వేరే వస్తున్నాయి. నిండు లోహమే కావాలంటే వాటినే చూడాలి.

ఇంకో చిక్కు బరువుది. ఇత్తడి సాంద్రత సుమారు 8.5, సీసానిది 11.3. అదే 500 గ్రెయిన్ల (32.4 గ్రాముల) గుండు ఇత్తడిలో పొడవవుతుంది, తూటా లోపలికి ఎక్కువ దిగి మందుకు చోటు తగ్గిస్తుంది. గొట్టాల అడుగున చదునుగా ఉన్న భాగంలో ప్రూఫ్ (బల పరీక్ష) ముద్రల పక్కన 75-500 అని ఉందేమో చూడండి. 75 గ్రెయిన్ల కార్డైట్‌కు (ఆనాటి తూటా మందు), 500 గ్రెయిన్ల గుండుకు పరీక్షించారని దాని అర్థం. రెండు గొట్టాల గురి కలిసేలా సర్దింది కూడా ఆనాటి అలాంటి తూటాతోనే. కుడి, ఎడమ మార్చి మార్చి, చల్లారనిస్తూ కాల్చి చూస్తే, ఎడమ గొట్టం గుండ్లు కుడి గొట్టం గుండ్లకు కుడి పక్కన పడితే వేగం ఎక్కువైనట్టు. ఏ గొట్టం గుండ్లు ఆ వైపే దూరదూరంగా పడితే వేగం తక్కువైనట్టు.

ఇంతా చేసి ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అమ్రాబాద్ అడవిలో ఈ రైఫిల్‌కు పని లేదు. అట్ట మీద కాల్చడానికి సీసం ఉన్న గుండు చాలు. ఆ క్యాలిబర్‌కు రేంజి వాళ్ళు ఒప్పుకుంటారో లేదో ముందే అడగండి. కాల్చే ముందు, కాల్చాక గొట్టాలను కొక్కేనికి వేలాడదీసి చెక్కతో మెల్లగా తట్టండి. గణగణమంటే అతుకు బాగున్నట్టు. జరజరమన్నా మొద్దుగా మోగినా ఎక్కడో పట్టీ వీడింది. దాన్ని ఊళ్ళో లేత్ షాపులో గ్యాస్ మంటతో అతికించకండి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతుకూ లైసెన్సు ఉన్నవారి దగ్గరికే వెళ్ళాలి.

ప్రశ్న: అదే రకం రైఫిల్‌కు పాత కైనాక్ (బ్రిటిష్ కంపెనీ) తూటాలు కొన్ని రేకు డబ్బాలో ఉన్నాయి. పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: మెడ దగ్గర పగులు, పచ్చని తుప్పు ఉన్నవి కాల్చకండి, విప్పకండి, లైసెన్సు ఉన్న డీలర్‌కు అప్పగించండి. బాగున్నవీ దాచుకోవడానికే మేలు. కార్డైట్ వేడికి ఒత్తిడి పెంచుతుంది. మన మే నెల ఎండలో డబ్బా కారు డిక్కీలో ఉంటే మరీనూ. పాత ప్రైమర్లలో (తూటా అడుగున మందును అంటించే చిన్న మూతల్లో) చాలావాటిలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాలిన తర్వాత మిగిలే ఉప్పు గాలిలో తేమ పీల్చి గొట్టాన్ని తినేస్తుంది. నూనె దాన్ని కరిగించదు. అదే రోజు మరిగే నీళ్ళు పోసి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాత నూనె రాయాలి.

ప్రశ్న: నా జోడు గొట్టాల రైఫిల్‌కు గొట్టాల మీద నలుపు పోయింది. రసాయనాల తొట్టిలో ముంచి కొత్తగా చేస్తామంటున్నారు. చేయించనా?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: వద్దు. ఆ తొట్టిలో ఉండేది మరిగే కాస్టిక్ ద్రావణం. అది టంకాన్ని తింటుంది, పట్టీల సందులో చేరి బయటికి రాదు. జోడు గొట్టాలకు తుప్పు పట్టించి, నీళ్ళలో ఉడికించి, గీకి, అదే మళ్ళీ మళ్ళీ చేసే పాత పద్ధతే సరైనది. రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. చేయించలేకపోతే నలుపు పోయిన గొట్టానికి పలచగా నూనె రాసి ఉంచండి. ఆ గొట్టానికి నష్టమేమీ లేదు.