పైథాన్ 3లోకి మార్చిన పాత కోడ్‌లో భాగహారం ఎందుకు తప్పుతోంది?

పైథాన్ 3లో ‘/’ గుర్తు పూర్ణాంకాలను భాగించినా దశాంశ సంఖ్యనే ఇస్తుంది కాబట్టి, పాత కోడ్ పూర్ణాంకాన్ని ఆశించిన చోట ‘//’ రాయాలి. పైథాన్ 2లో రెండువైపులా పూర్ణాంకాలుంటే అదే గుర్తు భిన్నభాగాన్ని వదిలి కింది పూర్ణాంకాన్ని ఇచ్చేది. 2008లో వచ్చిన పైథాన్ 3 ఆ అర్థాన్నే మార్చింది. ఉదాహరణకు, బెంగళూరులో ఒక తెలుగు సంఘం ఉగాది భోజనాలకు 125 మందిని బంతికి 50 మంది చొప్పున కూర్చోబెట్టాలంటే, నిండు బంతుల కోసం రాసిన 125 / 50 అప్పట్లో 2 ఇచ్చేది, ఇప్పుడు 2.5 ఇస్తుంది. చిక్కేమిటంటే, ఆ వరుసలో ఏ ఎర్రరూ రాదు, ఆ 2.5ను పూర్ణాంకాలే తీసుకునే ‘రేంజ్’ ఫంక్షన్‌కు అందించిన మరెక్కడో టైప్ ఎర్రర్ (విలువ రకం సరిపోలేదనే లోపం) వస్తుంది. పైథాన్ 2 కోడ్‌ను పైథాన్ 3లోకి మార్చే ‘2టు3’ పరికరం దీన్ని కూడా సరిచేస్తుందని చాలామంది పొరబడతారు గానీ, అది ప్రింట్ వంటివాటిని మార్చినా, విలువల రకం తెలియనందున భాగహారాన్ని ముట్టుకోదు.