వరి వేరు లోతుకు దిగాలంటే

ప్రశ్న: కొన్ని వరి రకాల వేళ్లు లోతుకు దిగితే, మరికొన్నింటివి పైపైనే పరచుకుంటాయెందుకు? వేళ్ల మీది నూగుకూ జన్యువులే కారణమా?

జవాబు: నేల తీరు, తడి కొంత కారణమే అయినా, వేరు వాలును నిర్ణయించే జన్యువులూ ఉన్నాయి. ఫిలిప్పీన్స్ మెట్ట వరి కినందాంగ్ పటోంగ్‌లో వేరు కొన దగ్గర పనిచేసే డీఆర్‌ఓ1 జన్యువు వేరును భూమ్యాకర్షణ దిశగా వంచుతుంది; మన రైతులెరిగిన ఐఆర్ 64లో ఆ జన్యువులో ఒక్క డీఎన్‌ఏ అక్షరం లోపించడంతో దాన్నుంచి తయారయ్యే ప్రోటీన్ మధ్యలోనే ఆగిపోయి, వేళ్లు పైపైనే పారతాయి. జపాన్ శాస్త్రవేత్తలు సంకరణం ద్వారా ఆ లోపాన్ని పూరించగా, బెట్టలో దిగుబడి మెరుగుపడిందని 2013లో వెల్లడైంది. అయితే భాస్వరం ఎక్కువగా పై మట్టిలోనే ఉంటుంది కనుక లోతు వేరొక్కటే చాలదు.

మీరన్న నూగు మూలకేశాలే. ఒక్కొక్కటీ ఒకే కణం సాగి ఏర్పడుతుంది. మొక్కజొన్నలో ఆర్‌టీహెచ్3 జన్యువు చెడితే అవి మొలిచీ సాగవు. మొక్క చూడ్డానికి మామూలుగానే ఉన్నా, గింజ దిగుబడి తగ్గుతుంది.