పాఠకుల ప్రశ్నలకు జవాబులు: నివేదికలోని అడవి, గుట్ట మీది అడవి

ప్రశ్న: మాది భద్రాచలం వైపు పల్లె. నా చిన్నతనంలో మా ఊరి వెనక గుట్ట మీద మద్ది, ఇప్ప, వెదురు కలిసి పెరిగేవి. ఇప్పుడు అక్కడ వరసలు తీర్చిన జామాయిల్ మొక్కలే కనిపిస్తున్నాయి. అయినా మన రాష్ట్రంలో అడవి పెరిగిందని పత్రికల్లో చదివాను. జాతీయ అటవీ విధానం అమల్లో ఉండగా ఇలా ఎందుకు జరుగుతోంది?
– ఒక ఉపాధ్యాయురాలు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: మీరు చూసినదీ నిజమే, చదివినదీ నిజమే. చిక్కంతా అడవిని కొలిచే పద్ధతిలో ఉంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి ఉపగ్రహ చిత్రాల ఆధారంగా దేశంలోని అడవులపై నివేదికలు వెలువరిస్తోంది. ఒక హెక్టారు, లేదా అంతకు మించిన నేల మీద చెట్ల నీడ కనీసం 10 శాతం పరుచుకుని ఉంటే ఆ సంస్థ దాన్ని అటవీ విస్తీర్ణం కింద లెక్కిస్తుంది. ఆ నేల అటవీ శాఖదా, రైతుదా అన్నది గాని, అక్కడున్నది నూరేళ్ల మద్దిమానా, నాలుగేళ్ల జామాయిలా అన్నది గాని ఈ లెక్కకు అక్కర్లేదు. మామిడి తోట కూడా ఇందులోకి వస్తుంది. 2021 నివేదికలో అటవీ విస్తీర్ణం అత్యధికంగా పెరిగిన రాష్ట్రాలుగా ఆంధ్రప్రదేశ్ (647 చదరపు కిలోమీటర్లు), తెలంగాణ (632 చదరపు కిలోమీటర్లు) మొదటి రెండు స్థానాల్లో నిలిచాయి. ఆ అంకెలు తప్పని నేను అనడం లేదు. అయితే మీ గుట్ట మీది వెదురు ఏమైందన్న ప్రశ్నకు వాటిలో జవాబు దొరకదు.

విధానం చెప్పేది మాత్రం వేరు. 1894 నాటి అటవీ విధానం వ్యవసాయ విస్తరణకు పెద్దపీట వేసింది, 1952 నాటిది జాతీయ అవసరాల పేరుతో కలపకూ పరిశ్రమలకూ ప్రాధాన్యమిచ్చింది. నేటికీ అమల్లో ఉన్న 1988 నాటి విధానం ఆ వరసను తిరగేసి, పర్యావరణ సమతుల్యతను కాపాడడమే అడవుల మొదటి ప్రయోజనమనీ, వాటి నుంచి వచ్చే ఆదాయం దాని తరవాతి మాటేననీ స్పష్టంగా పేర్కొంది. దేశ భూభాగంలో మూడో వంతు, కొండ ప్రాంతాల్లోనైతే మూడింట రెండు వంతులు అడవి, చెట్ల నీడన ఉండాలన్నది దాని లక్ష్యం. సహజమైన అడవిని తోటల పెంపకానికి పరిశ్రమలకు అప్పగించకూడదనీ, దీర్ఘకాలం శాస్త్రీయంగా పరీక్షించకుండా విదేశీ జాతి చెట్లను ప్రవేశపెట్టకూడదనీ కూడా అందులోనే ఉంది. కాగితపు మిల్లులకు కావలసిన కర్రను రైతుల పొలాల్లో పెంచుకోవాలన్నది దాని సూచన. ఖమ్మం, ప్రకాశం జిల్లాల్లో సుబాబుల్, జామాయిల్ తోటలు విస్తరించిన తీరు ఈ సూచనకు అనుగుణంగానే ఉంది. పొలంలో పెరిగే జామాయిల్ మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. అడవిని చదును చేసి వేసిన జామాయిల్ గురించే నా బాధ.

విధానానికీ ఆచరణకూ ఇంత దూరం రావడానికి ఒక కారణం, విధానం చట్టం కాకపోవడం. మరో కారణం, డబ్బు వచ్చే దారి. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద గనికో ఆనకట్టకో అడవిని మళ్లిస్తే, దానికి బదులుగా వేరొక చోట మొక్కలు పెంచడానికి సొమ్ము జమ చేయాలి. ఈ పరిహార వనీకరణ నిధికి 2016లో ప్రత్యేక చట్టం వచ్చింది, 2019లో 47 వేల కోట్ల రూపాయలకు పైగా రాష్ట్రాలకు అందింది. మొక్క నాటినందుకు బిల్లు అవుతుంది, ఫొటో ఉంటుంది. ఉన్న అడవిలో పశువుల మేతను నియంత్రించి, వేసవిలో నిప్పు రాకుండా కాపాడి, నరికిన మోడు నుంచి చిగురు లేచేదాకా ఓపిక పట్టినందుకు అంత తేలికగా బిల్లు కాదు. చెంచాడు గింజలతో మొక్కలు పెంచవచ్చు గాని, మద్ది, ఇప్ప, వెదురు, వాటి కింద తునికి పొదలు, ఆ పొదల్లో నెమళ్లు ఉన్న గుట్టను గుంతలు తవ్వి తయారు చేయలేము.

ప్రశ్న: నా సొంత పొలం గట్టున వెదురు వేశాను. నరకడానికి అటవీ శాఖ అనుమతి తీసుకోవాలా?
– ఒక రైతు, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు: 1927 నాటి భారతీయ అటవీ చట్టం వెదురును చెట్టుగా పరిగణించేది. అడవి బయట పెరిగిన వెదురుకు ఊరట కలిగేలా 2017లో కేంద్రం ఆ నిర్వచనం నుంచి వెదురును తొలగించింది. రాష్ట్రాల రవాణా నియమాలు విడిగా ఉంటాయి కనుక, లారీకి ఎత్తే ముందు మీ రేంజ్ కార్యాలయంలో ఒక మాట అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. నరికేటప్పుడు ఆ ఏడు లేచిన కొమ్ములను ముట్టుకోకండి. పొద నడిమిన ముదిరిన బొంగులనే ఎంచుకుని, నేలకు జానెడు ఎత్తున, కణుపుకు సరిగ్గా పైన కోయండి. కణుపు కిందికి కోస్తే మోడు గొట్టంలో నీరు నిలిచి దుంప కుళ్లుతుంది. పొదకు మూడు నాలుగేళ్లు విరామమిస్తూ ఇలా కోసుకుంటే అది ఏళ్ల తరబడి ఇస్తూనే ఉంటుంది. అటవీ శాఖ కార్యప్రణాళికల్లో వెదురు కూపులకు (వంతులవారీగా నరికే అడవి భాగాలకు) రాసే నియమాల సారాంశం కూడా ఇదే.

ప్రశ్న: మా ఊళ్లో 1990లలో వన సంరక్షణ సమితి బాగా పనిచేసింది. తరవాత నిధులు ఆగాయి, సమితి పేరుకే మిగిలింది. పోడు గొడవలు పెరిగాయి. ఊరి చేతిలో పెడితే అడవి నిలుస్తుందంటారా?
– మాజీ సమితి సభ్యుడు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: నిలుస్తుందనే నా నమ్మకం, అయితే బాధ్యతతో పాటు హక్కును కూడా చేతిలో పెట్టాలి. మీ సమితికి పునాది, అడవి రక్షణలో ఊరిని భాగస్వామిని చేయమని 1990 జూన్‌లో కేంద్రం పంపిన ఉత్తర్వు. ఉత్తర్వు మీద నిలబడినది నిధులు ఆగగానే కూలిపోయింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అలాంటిది కాదు. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికి 4 హెక్టార్ల దాకా పట్టా ఇవ్వడం దానిలో అందరికీ తెలిసిన భాగం. మన దగ్గర చర్చంతా పోడు పట్టాల చుట్టూనే తిరగడం వల్ల, ఊరు తరతరాలుగా కాపాడుకుంటున్న అడవి మొత్తాన్ని రక్షించి, నిర్వహించుకునే సామాజిక అటవీ వనరుల హక్కు మరుగున పడిపోయింది. నా దృష్టిలో ఈ చట్టానికి గుండెకాయ అదే.

రాష్ట్ర సరిహద్దు దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మేంఢా లేఖా అనే గోండుల ఊరు ఉంది. ఆ ఊరికి సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద హక్కు దక్కింది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి వచ్చి, వెదురు రవాణా పర్మిట్ల పుస్తకాన్ని గ్రామ సభ చేతికి అందజేశారు. ఎంత వెదురు కోయాలో, ఎవరికి అమ్మాలో ఊరే కూర్చుని నిర్ణయించుకునే అధికారం అలా వచ్చింది.

మన తునికాకు (బీడీ ఆకు) సంగతే చూడండి. మండుటెండలకు ముందే, తెల్లవారుజామున ఆడవాళ్లు అడవికి వెళ్లి ఆకు తెంపుకొచ్చి, నీడన కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, సాయంత్రం కల్లంలో లెక్క అప్పగిస్తారు. ఏ చెలకలో పొదలు కొడితే ఏ వారానికి లేత ఆకు వస్తుందో వారికి తెలిసినంతగా అటవీ శాఖ ప్రణాళిక రాసేవారికి తెలియదు. అయినా ఆ ప్రణాళికలో వారి మాటకు చోటు లేదు.

మీ సమితిలోని పాత సభ్యులు కలిసి గ్రామ సభను పిలిపించండి. సభ్యుల్లో కనీసం సగం మంది, అందులో మూడో వంతు మహిళలు హాజరు కావాలి. అక్కడ 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుని, సామాజిక అటవీ వనరుల హక్కు కోరే ఫారం-సి నింపి, ఊరి అడవి హద్దులు గీసిన పటాన్ని జత చేయండి. పాత బావులు, శ్మశానాలు, పూజలందుకునే చెట్లు సాక్ష్యాలుగా చెల్లుతాయి. హక్కు కోరేవారు కాకుండా ఊరి పెద్దలు చెప్పిన మాటలను రాసి పెట్టినా అది సాక్ష్యమే. హద్దులు ఎరిగిన ముసలివారు మీ ఊళ్లో ఎవరున్నారో చూసి, ఈ వానాకాలం లోపే వారిని వెంటబెట్టుకుని గుట్ట చుట్టి రండి.