చిన్నోడి సెలవుల గురించి

సిరీ,

ఈ సెలవులకి చిన్నోణ్ణి టాబ్ లేకుండా ఊళ్ళో మా దగ్గర ఉంచుతానన్నావట, మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో అంత భయమూ వేసిందే, రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

చిన్నవి ముందు చెప్పేస్తా. అన్నం దగ్గర ఫోన్ వద్దు, పడుకోబోయే గంట ముందు అసలొద్దు. ఐదు నుంచి పదేళ్ళ పిల్లలకి రోజుకి రెండు గంటల్లోపే అని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు 2021లోనే చెప్పారు, వాడికి ఏడేళ్ళు కదా, ఒక్కసారిగా లాక్కోకుండా ఇప్పట్నుంచే తగ్గించుకుంటూ రా. పగటి వెలుతుర్లో బయట ఆడుకునే పిల్లలకి కళ్ళజోడు అంత త్వరగా రాదంటారు కంటి డాక్టర్లు, అదొకటి గుర్తుపెట్టుకో.

ఇక అసలు సంగతి. మీ బాబాయి ఏం చేశాడో నీకు తెలీదు, అప్పటికి నువ్వు చిన్నదానివి. మీ అన్నయ్య టీవీకి అతుక్కుపోయాడని ఓ రోజు కోపమొచ్చి కేబుల్ వైరు పీకేశాడు. పాపం వాడు రెండ్రోజులు ఏడ్చి ఏడ్చి, తోచక పొయ్యిలో బొగ్గు తీసుకుని పెరటి గోడ మీద గేదెల్ని గీయడం మొదలుపెట్టాడు, ఎంత బాగుండేవో, ఒక గేదెకి చెవి మీద వాలిన కాకి కూడా ఉండేది. అక్కడితో వదిలేస్తే పోయేది కదా! వెంటనే డ్రాయింగ్ క్లాసులో చేర్చాడు, పోటీలకి తిప్పాడు, ప్రైజు రాకపోతే ముఖం మాడ్చుకునేవాడు. ఏడాది తిరక్కుండా పిల్లాడు పెన్సిల్ పట్టుకోవడం మానేశాడు, ఇప్పటికీ పట్టుకోడు. ఆ గోడకి సున్నం వేయించిన రోజు నాకు ఏడుపొచ్చింది.

అందుకే చెప్తున్నా, వాడు "బోర్ కొడుతోంది" అంటే కంగారుపడి సమ్మర్ క్యాంపులు వెతక్కు. ముంజకాయలు తెప్పిస్తా. ముంజలు బొటనవేలితో తోడుకుని తిన్నాక ఆ రెండు కాయలకి మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్ర పెట్టి తోసుకుంటే బండి. కత్తి పని మీ పెదనాన్న చూసుకుంటారు, పుల్ల మాత్రం వాడే గుచ్చాలి. నాలుగడుగులకే చక్రం ఊడొస్తుంది, రానీ, నువ్వెళ్ళి సరిచేయకు, ఫోటో తీసి గ్రూపులో పెట్టకు. మళ్ళీ వాడే గుచ్చుకుంటాడు.

నా భయమల్లా చెరువు గురించే. ప్రతి ఎండాకాలం పేపర్లో ఆ వార్తలు చదువుతూనే ఉన్నాం, ఊరి పిల్లలకి లోతెక్కడో తెలుసు, మనవాడికి తెలీదు. పెద్దవాళ్ళు లేకుండా చెరువు గట్టు ఎక్కనివ్వను, ఎంత ఏడ్చినా సరే, దీంట్లో నువ్వు వాడి వైపు మాట్లాడకు. అసలు ఇక్కడికి రాకముందే మీ దగ్గరే ఈత నేర్పించు తల్లీ. మిట్టమధ్యాహ్నం మాత్రం ఇంట్లోనే, నీడపట్టున అష్టాచెమ్మా ఆడిస్తా.

మీ ఆయన వస్తే ఆయన ఫోనూ బీరువాలోనే, ముందే చెప్పు. వాడికి కొత్త బట్టలు తేకు, మామిడి జీడి అంటితే పోదు, ఆడుకునేటప్పుడు బట్టలు పాడయ్యాయని వాడి మీద అరిచావంటే నేనూరుకోను.

మీ పెద్దమ్మ