ముందు మీరు వాడుతున్నదేమిటో చూసుకోండి, నెలల లెక్క ఆ తర్వాతే

పెళ్లై రెండేళ్లుగా గర్భం రాకుండా మాలా-డి మాత్రలు వేసుకుంటున్నారు, వచ్చే వేసవిలో పిల్లల కోసం చూద్దామనుకుంటున్నారు, ఒళ్లు శుభ్రపడాలంటే ఆరు నెలల ముందే ఆపేయాలని మీ పిన్ని అంటున్నారు, నిజమేనా అని కదా మీ ప్రశ్న.

కాదు. మాత్రలకు ఆరు నెలలు అక్కర్లేదు. చేతిలో ఉన్న ప్యాకెట్ పూర్తిచేసి ఆపేయండి, చాలు. చాలామందికి నెల, నెలన్నరలో నెలసరి వస్తుంది. కొందరికి అదీ రాకముందే కడుపు పండుతుంది. అందుకే, వేసవి దాకా వద్దనుకుంటే సంక్రాంతికే ఆపేసి కూర్చోకండి.

నా సంగతి వేరు. నేను వాడింది మాత్రలు కాదు, గర్భం రాకుండా వేసే అంతర సూది. ప్రభుత్వాసుపత్రిలో మూడు నెలలకోసారి ఉచితంగా వేస్తారు. బాబు పుట్టాక రెండేళ్లు వేయించుకున్నాను. మంచి సూదే, పాలిచ్చే తల్లులకూ పనికొస్తుంది. నా బాధల్లా ఒకటే, మానేశాక ఎన్నాళ్లు ఆగాలో వేసేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు.

2021 జూన్‌లో చివరి సూది. సెప్టెంబర్‌లో వేయించుకోవాల్సింది మానేశాను. దసరా కల్లా శుభవార్త అనుకున్నాం. దసరా పోయింది, దీపావళి పోయింది, అసలు నెలసరే రాలేదు. నెలనెలా కిట్ తెచ్చుకుని, ఇంట్లో ఎవరూ లేవకముందే చూసుకుని, ఆ ఒక్క గీతను పాత పేపర్లో చుట్టి పారేసేదాన్ని. మా తోడికోడలికి కాపర్-టి తీయించుకున్న రెండో నెలలోనే వాంతులు మొదలయ్యాయి. అత్తయ్య నన్నేమీ అనలేదు, కానీ గుడి నుంచి తెచ్చిన ప్రసాదం ముందు నా చేతిలోనే పెట్టేవారు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగులకు, రక్త పరీక్షలకు పదకొండు వేలు అయ్యాయి. చివరి సూది ఎప్పుడు వేయించుకున్నావని మాత్రం ఎవరూ అడగలేదు.

సంక్రాంతికి పుట్టింటికి వెళ్తే, పండగ మర్నాడు వీధిలోకి ఏఎన్ఎం వచ్చింది. అమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి నా సంగతి చెప్పింది. "కార్డు ఉందా తల్లీ?" అంది. బాబు టీకాల పుస్తకంలో మడతపెట్టి ఉంది, తెచ్చిచ్చాను. తేదీల మీద వేలు జరుపుతూ చివరి గడి దగ్గర ఆగి, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టింది. "జూన్ నుంచి ఇప్పటికి ఏడు నెలలు. ఈ సూది మానేశాక మామూలుగానే ఏడు నుంచి పది నెలలు పడుతుందమ్మా, అదీ చివరి సూది రోజు నుంచి లెక్క. నీకేమీ కాలేదు." ఆ మాట వినగానే అరుగు మీదే ఏడ్చేశాను. ఫిబ్రవరి చివర్లో నెలసరి వచ్చింది. ఏప్రిల్‌లో రెండు గీతలు కనిపించాయి.

ఆ ఒక్క మాట మొదటి సూది రోజునే చెప్పి ఉంటే ఆ నెలల టెన్షన్ ఉండేది కాదు. ఇలా చెప్పకపోవడం వల్లే "సూది వేయించుకుంటే గొడ్రాలవుతారు" అనే పుకారు ఊళ్లలో తిరుగుతోంది. దానికి భయపడి ఏదీ వాడకుండా ఏడాది తిరక్కుండానే మళ్లీ కడుపుతో ఉన్న పిల్లల్ని చూస్తున్నాను, కడుపు తరుక్కుపోతుంది. వాడేది ఆపితే పిల్లలు పుడతారు. ఎప్పుడన్నదే పద్ధతిని బట్టి మారుతుంది. కాపర్-టి అయితే తీసిన రోజు నుంచే అవకాశం ఉంది, మాత్రలకు కొన్ని వారాలు, సూదికి చివరిది వేసిన రోజు నుంచి ఏడు నుంచి పది నెలలు.

మీరు ముందుగా చేయాల్సింది మాత్రలు ఆపడం కాదు, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడం. రోజుకు 400 మైక్రోగ్రాములు, కనీసం నెల ముందు నుంచి. మాలా-డి వేసుకుంటూనే వేసుకోవచ్చు. బిడ్డ వెన్నుపాము రూపుకట్టేది మొదటి నాలుగు వారాల్లోనే, అప్పటికి మనకు కడుపు సంగతే తెలియదు. ప్యాకెట్లో చివరి ఏడు మాత్రలు ఐరనే కదా, అవే చాలనుకోకండి. థైరాయిడ్‌కో, ఫిట్స్‌కో మందులు వాడుతుంటే మాత్రం ముందే డాక్టర్‌కు చెప్పండి.

ఆపాక ఏడాది చూడండి, మీకు 35 దాటి ఉంటే ఆరు నెలలే. అప్పటికీ కాకపోతే డాక్టర్ దగ్గరికి ఒక్కరే వెళ్లకండి. నాకు అన్ని పరీక్షలు చేశారు గానీ మా ఆయనకు ఒక్కటీ రాయలేదు. మీ ఆయన్ని కూడా తీసుకెళ్లి, ఇద్దరికీ ఒకే రోజు రాయించుకోండి.