‘నోటు తిరగరాశాం’ అంటే అక్కడ ఆగి అడగండి

ప్రశ్న: మాది దివిసీమ. ఉప్పెన వచ్చిన మరుసటేడు మా తాతయ్య రెండెకరాలు అమ్మేశారట. ఎందుకని అడిగితే నాయనమ్మ (82 ఏళ్లు) ‘అప్పులమ్మా, కష్టాలు పడ్డాం’ అని ఊరుకుంటుంది. ఆ కథతో నా పిల్లలకు అప్పు సంగతి నేర్పాలనుంది. ఆవిడ చేత ఎలా చెప్పించాలి?

జవాబు: ‘కష్టాలు పడ్డాం’ దగ్గరే ఆగితే పిల్లలకు మిగిలేది జాలి ఒక్కటే. నేర్చుకునేదంతా లెక్కలో ఉంటుంది. ఎంత తెచ్చారు, ఏ వడ్డీకి, అమ్మకం వద్దన్నదెవరు?

‘దీన్నుంచి నువ్వేం నేర్చుకున్నావు’ అని మాత్రం అడగకండి. అలా అడిగితే ఎవరైనా సామెతే చెబుతారు. ఉప్పెన రాత్రితోనూ మొదలుపెట్టొద్దు. పోయినవాళ్లు గుర్తొచ్చి ఆవిడ మాట ఆగితే ఆ పూటకు వదిలేయండి. గొడ్లు, పంట, ఇంటి కప్పు గురించి అడగండి. 1977 నవంబరు 19 అన్న తేదీ గుర్తులేకపోయినా ‘ఆ అప్పు ఉప్పెనకు ముందా, తర్వాతా?’ అంటే ఠక్కున చెబుతారు. పొద్దున పూట, ఫ్యాను ఆపి, ఫోను మూరెడు దూరంలో పెట్టి, అరగంటకు మించకుండా రికార్డు చేయండి. మధ్యలో సరిదిద్దే కొడుకులు పక్కన లేకుంటే మేలు.

‘నోటు తిరగరాశాం’ (పాత అప్పు పత్రం బదులు కొత్తది రాశాం) అన్న మాట వస్తే అక్కడ ఆగండి. అసలు కథ అదే కావచ్చు. ప్రోనోటుకు, అంటే ఆ అప్పు పత్రానికి, మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది (ఇక కోర్టులో దావా వేసి రాబట్టుకోలేరు) గనక, అప్పిచ్చినవారు గడువులోపే కొత్త నోటు రాయించుకుంటారు. పేరుకున్న వడ్డీ అప్పుడు అసలులో కలిసిపోతుంది. నెలకు నూటికి రెండు రూపాయల చొప్పున వెయ్యి తెస్తే మూడేళ్ల వడ్డీ 720. కొత్త నోటు 1,720కి. ఇంకో మూడేళ్లకు 2,958. తొమ్మిదేళ్లు నిండేసరికి 5,088. ఏటా పంట చేతికి రాగానే వడ్డీ 240 కట్టి, నోటు వెనక చెల్లు (కట్టిన సొమ్ము వివరం) రాయించుకుని సంతకం చేస్తూ ఉంటే గడువూ పెరిగేది, అసలూ వెయ్యి దగ్గరే నిలిచేది. మీ నాయనమ్మ చెప్పిన అంకెలతో ఈ లెక్క పిల్లల చేతే వేయించండి. పదేళ్లు దాటిన పిల్లలు చేయగలరు. మొదటి నోటు తిరగరాసే రోజు దగ్గర కథ ఆపి, ‘నువ్వయితే ఏం చేసేవాడివి?’ అనండి. తర్వాతే తాతయ్య ఏం చేశారో చెప్పండి. ఆయన చేతిలో ఆ ఏడు 240 ఉందా లేదా అన్నది తెలియకుండా తప్పు ఆయన మీద వేయనివ్వకండి.

అమ్మకం దస్తావేజు నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దొరకొచ్చు. 1983కు ముందువి ఆన్‌లైన్‌లో ఉండవు, పాత పుస్తకాల్లో వెతికించాలి. ఊరు, సర్వే నంబరు, ఉజ్జాయింపు సంవత్సరం పట్టుకెళ్లండి. స్టాంపు ఖర్చు కలిసొస్తుందని అందులో ధర తక్కువ చేసి రాయడం మామూలే. కాబట్టి ఆ అంకెను నాయనమ్మ చెప్పినదానితో పోల్చండి.

ప్రశ్న: ఒకే భూమి అమ్మకం గురించి పెదనాన్న ఒకలా, మేనత్త ఇంకోలా చెబుతున్నారు. ఏది రాసుకోవాలి?

జవాబు: రెండూ, విడివిడిగా. ఒక్కొక్కరి పక్కన అప్పటి వయసు రాయండి. ఇరవై ఏళ్లవాడు బేరం వింటాడు, తొమ్మిదేళ్ల పిల్ల అమ్మ ఏడవడం చూస్తుంది. కలిపి ఒకే కథ చేస్తే రెండూ పోతాయి. ఆ భూమి మీద తగాదా ఇంకా నడుస్తుంటే మాత్రం రికార్డింగు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.